రాత్రి చూపు, రొడాప్సిన్: తరచుగా అడిగే ప్రశ్నలు

రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండేవాళ్లు, కోడి కూయకముందే వేటకు పోయేవాళ్లు, కొండపి, టంగుటూరు వైపు పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర రాత్రంతా మంట చూసుకునేవాళ్లు, చీమకుర్తి నుంచి గ్రానైట్ లారీలు తోలేవాళ్లు... నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చీకట్లో పనిచేసేవాళ్లు తక్కువేం కాదు. వాళ్లూ, వాళ్ల ఇళ్లల్లో చదువుకునే పిల్లలూ అడిగే ప్రశ్నలే ఇక్కడ ఎక్కువ. కొన్నిటికి జవాబు రెండు మాటల్లో అయిపోతుంది, కొన్నిటికి అవదు.

గుంట గట్టు మీద లైటు ఆర్పగానే కళ్లు పోయినట్టు ఉంటుంది. పావుగంటకు గట్టు, నీళ్లు, నీళ్లకు గాలి పట్టించే ఎయిరేటర్లు అన్నీ తెలుస్తాయి. ఈలోగా కంట్లో ఏం జరుగుతుంది?

బడిలో చాలామంది నేర్చుకున్న జవాబు ‘కనుపాప పెద్దదవుతుంది’ అని. అబద్ధం కాదు గానీ, దానికి రావాల్సినదానికంటే ఎక్కువ పేరొచ్చింది. పట్టపగలు 2 మిల్లీమీటర్లుండే కనుపాప చీకట్లో 7, 8 మిల్లీమీటర్ల దాకా తెరుచుకుంటుంది. దాంతో లోపలికి వచ్చే కాంతి పదిహేను రెట్లో, అంతకు కాస్త అటూ ఇటూగానో పెరుగుతుంది. అది కూడా కొద్ది సెకన్లలో అయిపోయే పని. చీకటికి పూర్తిగా అలవాటుపడిన కన్ను మాత్రం పగటి కన్ను కంటే లక్ష రెట్లకు పైగా సున్నితంగా ఉంటుంది. ఆ మిగతా తేడా అంతా కంటి వెనక గోడకు అంటుకుని ఉండే రెటీనాలోనే వస్తుంది.

రెటీనాలో చూపుకు పనికొచ్చే కణాలు ప్రధానంగా రెండు రకాలు. శంకువులు పగటికి, రంగులకు. దండాలు మసక వెలుతురుకు. లైటు ఆర్పిన తర్వాత మొదటి ఐదు, పది నిమిషాలు శంకువులే తమకు చేతనైనంత సర్దుకుంటాయి. అక్కడితో వాటి శక్తి అయిపోతుంది. ఆ తర్వాత దండాలు అందుకుంటాయి, చూపు మళ్లీ మెరుగుపడటం మొదలవుతుంది. పూర్తిగా సిద్ధం కావడానికి ముప్పై, నలభై నిమిషాలు పడుతుంది. అంటే పావుగంటకు మీకు కనిపిస్తున్నది సగం దారిలో ఉన్న చూపే. ఇంకాసేపు లైటు వెయ్యకుండా ఆగితే ఇంకా కనిపిస్తుంది.

ఇంత ఆలస్యం ఎందుకంటే, దండాల్లో ఉండే రొడాప్సిన్ అనే ప్రొటీన్ వెలుతురులో విడిపోతుంది. దాన్ని మళ్లీ తయారు చేసుకోవాలి. ఈ పేజీలో సగం ప్రశ్నలకు మూలం ఈ ఒక్క సంగతే.

రొడాప్సిన్ అంటే ఏమిటి? ఎంత ఉంటుంది?

రెండు ముక్కలు కలిసిన అణువు అది. పెద్ద ముక్క ఆప్సిన్ అనే ప్రొటీన్. 348 అమైనో ఆమ్లాల గొలుసు, కణపు పొరను ఏడుసార్లు అటూ ఇటూ దాటుతూ మడతపడి ఉంటుంది. ఆ మడతల మధ్య ఇరుక్కుని ఉండే చిన్న ముక్క రెటినాల్. ఇది విటమిన్ ఎ నుంచి వస్తుంది. కాంతిని పట్టేది నిజానికి ఈ చిన్న ముక్కే. కాకపోతే ఏ రంగు కాంతిని బాగా పట్టాలో, పట్టాక ఏం చెయ్యాలో నిర్ణయించేది చుట్టూ ఉన్న ప్రొటీన్.

ఒక్కో కంటిలో దండాలు 9 నుంచి 12 కోట్ల దాకా, శంకువులు 50, 60 లక్షలు ఉంటాయని లెక్క. ఒక్కో దండం లోపల పలచటి బిళ్లలు వెయ్యి దాకా దొంతరగా పేర్చి ఉంటాయి. ఆ బిళ్లల నిండా రొడాప్సినే, ఒక్క దండంలో సుమారు 10 కోట్ల అణువులు. దొంతర కూడా స్థిరంగా ఉండదు. రోజూ పొద్దున వెలుతురు రాగానే కొసన ఉన్న పాత బిళ్లలు పదో వంతు దాకా రాలిపోతాయి, వెనక ఉన్న నల్లటి కణాల పొర వాటిని మింగేస్తుంది, అడుగున కొత్తవి పుడతాయి. పది రోజులకు దొంతరంతా కొత్తదే.

కాంతి పడిన క్షణంలో ఏం జరుగుతుంది?

చీకట్లో రెటినాల్ తోక ఒకచోట వంగి ఉంటుంది. ఒక్క ఫోటాన్, అంటే కాంతిలో ఇక విడదీయలేని అతి చిన్న తునక, తగిలితే ఆ వంపు నిటారు అవుతుంది. సెకనును లక్ష కోట్ల భాగాలు చేసి, అందులో ఒక భాగాన్ని మళ్లీ ఐదు చేస్తే వచ్చేంత కాలంలో ఇది అయిపోతుంది. జీవుల్లో మనకు తెలిసిన అతి వేగవంతమైన రసాయన మార్పుల్లో ఇదొకటి. కాంతి చేసే పని ఇంతే, ఇక దానితో అవసరం లేదు.

నిటారైన తోక చోటు చాలక ఆప్సిన్ మడతలను పక్కకు నెడుతుంది. వెయ్యో వంతు సెకనులో ప్రొటీన్ ఆకారం మారిపోతుంది. మారిన రొడాప్సిన్ తన దగ్గరకొచ్చే ట్రాన్స్‌డ్యూసిన్ అనే మరో ప్రొటీన్‌ను ఒకదాని తర్వాత ఒకటిగా పనిలోకి దించుతుంది. ఒక్కో ట్రాన్స్‌డ్యూసిన్ ఒక ఎంజైమును లేపుతుంది. ఆ ఎంజైము కణంలోని సైక్లిక్ జీఎంపీ అనే చిన్న అణువులను వందల లెక్కన విరగ్గొడుతుంది. దండం పొరలో అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న కణాలు, వచ్చే ద్వారాలను తెరిచి పట్టుకునేది ఈ సైక్లిక్ జీఎంపీయే. అది తగ్గగానే ద్వారాలు మూతపడతాయి. ఒక్క ఫోటాన్ తగిలితే వందల ద్వారాలు మూసుకుంటాయి. మసక వెలుతురులో చూడగలగడం అనేదంతా ఈ పెంపులోనే ఉంది.

చాలామందికి తికమకగా ఉండే సంగతి తర్వాతిది. దండం ఎక్కువగా పనిచేసేది వెలుతురులో కాదు, చీకట్లో. చీకట్లో ద్వారాలు తెరిచే ఉంటాయి, సోడియం, కాల్షియం అయాన్లు లోపలికి వస్తూనే ఉంటాయి, పక్క కణం మీదికి గ్లుటమేట్ అనే రసాయనం ఆగకుండా పడుతూనే ఉంటుంది. వెలుతురు వస్తే అది తగ్గుతుంది. గుంట కాపలా మనిషికి ఇది వెంటనే అర్థమవుతుంది: ఎయిరేటర్లు తిరుగుతున్నంతసేపూ ఆ మోతలోనే నిద్రపోతాడు, కరెంటు పోయి మోత ఆగగానే ఉలిక్కిపడి లేస్తాడు. మెదడుకు కబురు చేరేది కూడా అలా ఆగిపోవడం వల్లే.

కబురు వెళ్లాక దాన్ని ఆపడం కూడా ముఖ్యమే. లేకపోతే ఒక్క మెరుపు నిమిషాల తరబడి కంట్లో నిలిచిపోతుంది. రొడాప్సిన్ కైనేజ్ అనే ఎంజైము పనిలో ఉన్న రొడాప్సిన్‌కు ఫాస్ఫేటు తగిలిస్తుంది, అరెస్టిన్ అనే ప్రొటీన్ వచ్చి దానికి అడ్డంగా అతుక్కుంటుంది. ఈ రెంటిలో ఏదో ఒకటి పుట్టుకతోనే పనిచేయకపోతే ఒగూచి జబ్బు అనే అరుదైన రేచీకటి వస్తుంది. మొదట జపాన్‌లో గుర్తించారు. ఈ జబ్బున్నవాళ్లు చీకట్లో గంటల తరబడి ఉంటే గానీ చూపు కుదురుకోదు.

నిజంగా ఒక్క ఫోటాన్ కూడా కంటికి తెలుస్తుందా?

దండానికి తెలుస్తుంది. మనిషికి స్పష్టంగా ‘చూశాను’ అనిపించడానికి మరికొన్ని కావాలి. 1942లో న్యూయార్క్ కొలంబియా విశ్వవిద్యాలయంలో హెక్ట్, ష్లేర్, పిరెన్ దీన్ని కొలిచారు. మనిషిని చీకట్లో బాగా అలవాటు పడనిచ్చి అతి చిన్న మెరుపులు చూపించారు. కంటి దాకా 54 నుంచి 148 ఫోటాన్లు వస్తే మెరుపు కనిపించింది. దారిలో పోయినవి పోగా దండాలు నిజంగా పట్టుకున్నవి 5 నుంచి 14. అవి కూడా దాదాపు 500 దండాల మీద చెదిరి పడ్డాయి. కాబట్టి ఏ ఒక్క దండానికీ ఒకటికి మించి పడే అవకాశం దాదాపు లేదు. అంటే ఒక్క ఫోటాన్‌కే దండం స్పందిస్తోంది. తర్వాత 1979లో బేలర్, లాంబ్, యావ్ గోదురుకప్ప కంటి దండం నుంచి ఒక్కో ఫోటాన్‌కూ వచ్చే కరెంటును నేరుగా కొలిచి చూపించారు.

నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచేది మాత్రం రొడాప్సిన్ ఓర్పు. ఒంటి వేడికి దానంతట అదే తప్పుగా కదలాలంటే ఒక్కో అణువుకు సగటున కొన్ని వందల ఏళ్లు పడుతుంది. అయినా ఒక దండంలో 10 కోట్లు ఉన్నాయి కాబట్టి రెండు మూడు నిమిషాలకోసారి ఒక దొంగ కబురు పుడుతూనే ఉంటుంది. మెదడు ఐదారు కబుర్లు కలిసి వస్తే గానీ నమ్మకపోవడానికి అదొక కారణం.

విడిపోయిన రొడాప్సిన్ మళ్లీ ఎలా తయారవుతుంది?

నిటారైన రెటినాల్ ఆప్సిన్ నుంచి ఊడిపోతుంది. అప్పటిదాకా ఎర్రటి ఊదా రంగులో ఉన్న రెటీనా వెలిసిపోతుంది. ఊడిన ముక్క వెనకనున్న నల్లటి పొరలోకి పోతుంది. అక్కడ ఆర్‌పీఈ65 అనే ఎంజైము దాన్ని మళ్లీ వంచుతుంది. వంగినది దండంలోకి తిరిగొచ్చి ఖాళీగా ఉన్న ఆప్సిన్‌లో కూర్చుంటుంది. తీరిగ్గా జరిగే పని ఇది, నలభై నిమిషాలు పట్టేది ఇందుకే. దారిలో కొంత రెటినాల్ పోతుంది, ఆ లోటును రక్తంలో వచ్చే విటమిన్ ఎ తీరుస్తుంది.

వెన్నెల్లో రంగులు ఎందుకు తెలియవు?

దండాలన్నిటిలో ఉన్నది ఒకే రకం రొడాప్సిన్. రంగు తెలియాలంటే రెండు మూడు రకాల కణాల జవాబులను పోల్చుకోవాలి. శంకువుల్లో మూడు రకాల ఆప్సిన్లు ఉన్నాయి గానీ వెన్నెల వాటికి సరిపోదు.

సాయంత్రం పూట పెరట్లో ఎర్ర మందారాన్ని గమనించండి. పగలు ఆకుల మీద కొట్టొచ్చినట్టు కనిపించే పువ్వు, చీకటి పడేకొద్దీ ఆకుల కంటే నల్లగా అయిపోతుంది. రొడాప్సిన్ బాగా పట్టేది 500 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గరి నీలం, ఆకుపచ్చ కలిసిన కాంతిని. ఎరుపును దాదాపు పట్టదు. 19వ శతాబ్దం మొదట్లోనే చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే దీన్ని గుర్తించాడు.

మైపాడు బీచిలో చిన్న చుక్కను గురిపెట్టి చూస్తే మాయమవుతుంది, పక్కకు చూస్తే మళ్లీ వస్తుంది. భ్రమా?

కాదు. మనం గురిపెట్టి చూసినప్పుడు బొమ్మ పడేది రెటీనా నడిమధ్య చిన్న గుంటలో. అక్కడ శంకువులే ఉంటాయి, దండాలు ఉండవు. దండాలు బాగా ఒత్తుగా ఉండేది దానికి 20 డిగ్రీల దూరంలో. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. మసక చుక్కకు పిడికిలిన్నర, రెండు పిడికిళ్ల దూరం పక్కకు చూడండి, చుక్క నిలబడుతుంది. కొత్తపట్నం, పాకల వైపు రాత్రివేళ దూరపు బోటును కనిపెట్టడానికి కూడా ఇదే కిటుకు.

రాత్రి పనికి ఎర్ర లైటు మంచిదంటారు. నిజమేనా?

నిజమే, లైటు మసకగా ఉంటే. 640 నానోమీటర్లు దాటిన ముదురు ఎరుపు శంకువులకు కాస్త కనిపిస్తుంది, రొడాప్సిన్‌ను పెద్దగా కదిలించదు. కాబట్టి ఎర్ర వెలుతురులో రొయ్యల మేత చూసే చెక్ ట్రే చూసుకుని లైటు ఆర్పితే చీకటి చూపు చాలావరకు మిగులుతుంది. టార్చికి ఎర్ర కాగితం చుట్టి ఫుల్లుగా కొడితే మాత్రం లాభం లేదు, ఆ కాగితాల్లోంచి వేరే రంగులు కూడా బాగానే వస్తాయి.

ఎర్ర లైటు లేకపోతే టార్చి వేసినంతసేపూ ఒక కన్ను మూసుకోండి. ఏ కంటి రెటీనా లెక్క దానిదే. ఆర్పాక మూసుకున్న కన్ను మీకు దారి చూపిస్తుంది. బండి నడుపుతూ ఈ పని చేయకండి.

హైవే మీద ఎదురు లారీ లైట్లకు కళ్లు చెదిరిపోతాయి. రొడాప్సిన్ అంతా పోయినట్టేనా?

అంతా పోదు. ఒక్క లారీ లైటుకు విడిపోయేది కొద్ది భాగమే. అయితే దండాల తీరు ఎలా ఉంటుందంటే, కొద్ది భాగం విడిపోయినా సున్నితత్వం అంతకు ఎన్నో రెట్లు పడిపోతుంది. ఖాళీ అయిన ఆప్సిన్ కూడా కొద్దిగా కబురు పంపుతూనే ఉంటుంది, కన్ను దాన్ని ఇంకా వెలుతురుందనే అనుకుంటుంది. బ్యారన్ పొయ్యిలో కట్టెలు వేసి మంట వంక చూసి బయటికొచ్చినవాడు మెట్టు తన్నుకునేది ఇందుకే.

హైవే మీద మరో సంగతి కూడా ఉంది. మీ బండి లైట్ల వెలుగు పడినంత మేరా మీరు చూసేది ఎక్కువగా శంకువులతోనే. దండాల అవసరం అంచుల్లో, రోడ్డు పక్కనుంచి అడ్డం వచ్చే గేదె విషయంలో. అందుకే ఎదురు లైటు దాటిన తర్వాత రోడ్డు బాగానే కనిపిస్తున్నా పక్కచూపు ఇంకా రాలేదని గుర్తుంచుకుని స్పీడు తగ్గించాలి. లైటును సూటిగా చూడకుండా ఎడమవైపు తెల్లగీత మీద చూపు పెట్టడం మంచిది. రాత్రి డ్రైవింగుకని అమ్మే పసుపు అద్దాలు నేను కొనమనను. అవి కంట్లోకి వచ్చే కొద్ది వెలుతురును ఇంకా తగ్గిస్తాయి.

రేచీకటి అంటే విటమిన్ ఎ లోపమేనా?

పిల్లల్లో మొదట అనుమానించాల్సింది దాన్నే. రెటినాల్ లేకపోతే ఆప్సిన్ ఉన్నా ఉపయోగం లేదు, దండాలు పనిచేయవు. పగలు బాగానే ఆడుకునే బిడ్డ మునిమాపు వేళకు తడుముకోవడం, కంచంలో అన్నం వెతుక్కోవడం, ఒకచోట కూర్చుని కదలకపోవడం చూస్తే ఆ వారంలోనే చూపించాలి. కంటి తెల్లగుడ్డు మీద నురగలాంటి బూడిదరంగు మచ్చలు కనిపిస్తే ఇంకా తొందరపడాలి. ఆలస్యమైతే నల్లగుడ్డు ఎండి, మెత్తబడి చూపు పూర్తిగా పోతుంది. లోపం విటమిన్‌దే అయితే సరైన మోతాదు పడ్డాక ఒకటి రెండు రోజుల్లోనే రాత్రి చూపు తిరిగొస్తుంది. వైద్యంలో ఇంత తొందరగా ఫలితం కనిపించేవి తక్కువ.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చేసిన పని ఆధారంగా 1970లో దేశంలో పిల్లలకు విటమిన్ ఎ ద్రావణం ఇచ్చే కార్యక్రమం మొదలైంది. ఇప్పుడు తొమ్మిదో నెలలో లక్ష యూనిట్లు, ఏడాదిన్నర వయసు నుంచి ఆరు నెలలకోసారి రెండు లక్షల చొప్పున, ఐదేళ్లు నిండేలోగా మొత్తం 9 మోతాదులు. చాలా ఇళ్లల్లో మొదటి రెండూ తప్పకుండా వేయిస్తారు, టీకాలతో పాటు పడతాయి కాబట్టి. తర్వాతివి మర్చిపోతారు. కార్డు తీసి చూసుకోండి.

గర్భిణులకు నెలలు నిండేకొద్దీ రాత్రి చూపు తగ్గితే ఆశా కార్యకర్తకో డాక్టరుకో చెప్పాలి, అంతేగానీ పిల్లల ద్రావణం తాగకూడదు. విటమిన్ ఎ ఎక్కువైతే కడుపులో బిడ్డకు అంగలోపాలు వచ్చే ప్రమాదం ఉంది. పెద్దవాళ్లలో కాలేయం జబ్బు, కొవ్వు అరగని పేగు జబ్బులు ఉంటే తిండి బాగున్నా ఈ లోపం రావచ్చు.

క్యారెట్లు తింటే రాత్రి చూపు పెరుగుతుందా?

విటమిన్ ఎ లోపం ఉన్నవాడికి ఆ లోపం తీరి రాత్రి చూపు మెరుగవుతుంది. లోపం లేనివాడు ఎన్ని తిన్నా ఉన్న చూపు కంటే మెరుగు కాదు. ఆప్సిన్ ఉన్నంతకే రెటినాల్ పడుతుంది, మిగతాది కాలేయంలో దాచుకుంటారు.

క్యారెట్టే కావాలని కూడా లేదు. మునగాకు, తోటకూర, గోంగూర, పండిన మామిడి, బొప్పాయి చాలు. ఆకుకూరకు కాస్త నూనె తగలాలి, కొవ్వు లేకపోతే అందులోని కెరోటిన్ ఒంటికి పట్టదు. గుడ్డు పచ్చసొన, పాలు, చేప కాలేయంలో విటమిన్ ఎ తయారుగానే ఉంటుంది. తలతో సహా తినే చిన్న చేపలు పెద్ద ముక్కల కంటే ఈ విషయంలో మేలు. పొదలకూరు నిమ్మకాయ ఎంత గొప్పదైనా అది విటమిన్ సి, రేచీకటికి పనికిరాదు.

మా ఇంట్లో ఇద్దరికి చిన్నప్పటి నుంచీ రేచీకటి. మందులు వాడినా తగ్గలేదు. మేనరికం వల్లా?

కావచ్చు. రెటినైటిస్ పిగ్మెంటోజా అనే వంశపారంపర్య జబ్బులో మొదట పోయేవి దండాలు. రేచీకటితో మొదలై, పక్కచూపు తగ్గుతూ, గొట్టంలోంచి చూసినట్టవుతుంది. ప్రపంచంలో దాదాపు నాలుగు వేల మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. కారణమయ్యే జన్యువులు పదుల సంఖ్యలో ఉన్నాయి. మొదట దొరికిన వాటిలో ఒకటి రొడాప్సిన్‌దే: 1990లో, గొలుసులో 23వ చోట ప్రొలీన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సింది, దాని బదులు హిస్టిడిన్ అనే మరో అమైనో ఆమ్లం ఉన్నట్టు కనుగొన్నారు. అలా తప్పుగా మడతపడిన ప్రొటీన్ దండాన్నే చంపేస్తుంది. రొడాప్సిన్ లోపాల్లో చాలావాటికి తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వస్తే చాలు. మిగతా జన్యువుల్లో చాలావాటికి ఇద్దరి నుంచీ రావాలి, మేనరికంలో ఆ అవకాశం పెరుగుతుంది. దీన్ని ఎవరి మీదా నిందగా వేయకండి, రాబోయే పెళ్లిళ్లకు, పిల్లలకు పనికొచ్చే సమాచారంగా తీసుకోండి.

ఆర్‌పీఈ65 లోపానికి మాత్రం జన్యు చికిత్స ఉంది, 2017లో అమెరికా అనుమతించింది. మిగతా రకాలకు అది పనికిరాదు. అందుకే జన్యు పరీక్ష చేయించకుండా ‘కొత్త మందొచ్చింది’ అన్నవాళ్లకు డబ్బు కట్టొద్దు.

అరవై దాటాక రాత్రి చూపు తగ్గడం మామూలేనా?

కొంత మామూలే. కనుపాప మునుపటంత తెరుచుకోదు, దండాలు తగ్గుతాయి, రొడాప్సిన్ మళ్లీ తయారవడం నెమ్మదిస్తుంది. కానీ ‘వయసు’ అని వదిలేస్తే శుక్లం, షుగరు వల్ల వచ్చే రెటీనా జబ్బు దాని చాటున దాక్కుంటాయి. లైటు చుట్టూ వలయాలు కనిపిస్తే ముందు శుక్లం పరీక్ష చేయించుకోవాలి.

ఒంగోలు గిత్తల కళ్లు రాత్రి మెరుస్తాయి. వాటికి మనకంటే బాగా కనిపిస్తుందా?

మసకలో బాగానే కనిపిస్తుంది. పశువుల రెటీనా వెనక అద్దం లాంటి పొర ఉంటుంది. రొడాప్సిన్ పట్టకుండా దాటిపోయిన కాంతిని అది మళ్లీ దండాల వైపు తిప్పి పంపుతుంది. మనకు మెరిసేది అందులో బయటికి వచ్చేసిన వెలుతురు. బొమ్మ కాస్త చెదురుతుంది, అది వాటికి పెద్ద నష్టం కాదు.

ఈ ప్రొటీన్ చరిత్రలో పశువులకు పెద్ద వాటా ఉంది. 1876లో ఫ్రాంజ్ బోల్ కప్ప రెటీనా వెలుతురులో రంగు వెలిసిపోవడం గమనించాడు. వెంటనే విల్హెల్మ్ క్యూనె ఆ రంగును విడిగా తీశాడు. 1930లలో జార్జ్ వాల్డ్ అందులో విటమిన్ ఎ ఉందని చూపించి, 1967లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ అందుకున్నాడు. చివరికి 2000లో రొడాప్సిన్ అణువు పూర్తి ఆకారం మొదటిసారి తెలిసింది, అది పశువు కంటి నుంచి తీసిన రొడాప్సినే.

పగలంతా సముద్రం మీద ఉండి రాత్రి మళ్లీ వేటకు పోతాం. నల్లద్దాలు పెట్టుకుంటే ఉపయోగమా, షోకా?

ఉపయోగమే. 1940లలో హెక్ట్ బృందం ఎండలో, ఇసుక మీద గంటల తరబడి గడిపినవాళ్లను పరీక్షించింది. ఆ సాయంత్రం వాళ్ల కళ్లు చీకటికి అలవాటు పడటం ఆలస్యంగా మొదలైంది, మామూలు స్థాయికి రావడానికి ఎక్కువసేపు పట్టింది. వరసగా రోజులు గడిపినవాళ్లలో ఆ లోటు పేరుకుంది. నీళ్ల మీద తళతళ ఇసుక కంటే తక్కువేమీ కాదు. ముదురు బూడిదరంగు అద్దాలు, అంచు ఉన్న టోపీ మధ్యాహ్నం నుంచే పెట్టుకోండి, పొద్దు వాలగానే అద్దాలు తీసేయండి.